కంపైలరు అంగీకరిస్తే చాలునా?

విద్యార్థి కళాశాలలో అడుగుపెట్టిన నాటి నుండి పట్టా పుచ్చుకునే వరకు అతని వివరాలు ఏదో ఒక డేటాబేసులో నమోదవుతూనే ఉంటాయి. ప్రవేశం, హాజరు, పరీక్ష రుసుము, ఉపకారవేతనం, అన్నింటికీ ఆధారం ఆ వివరాలే. వాటిని నిర్వహించే ప్రోగ్రాములో చిన్న లోపం దొర్లినా నష్టపోయేది దానిని వ్రాసినవారు కారు, ఉపకారవేతనం కోసం ఎదురుచూచే పేద విద్యార్థి. కావున కంప్యూటరు శాస్త్రం అభ్యసించే మన విద్యార్థినీ విద్యార్థులు ప్రోగ్రాము వ్రాయటంతో పాటు దానిని పరీక్షించే పద్ధతిని కూడ శ్రద్ధగా అలవరచుకోవటం అవసరం.

మనం వ్రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాధనం కంపైలరు. అది వ్యాకరణ పండితుని వంటిది. "చిత్తూరు సముద్రతీరాన ఉన్నది" అనే వాక్యంలో వ్యాకరణదోషం లేదు. అయినా అది అసత్యం. ఇటువంటి అసత్యాలను కంపైలరు అభ్యంతరం లేకుండా అంగీకరిస్తుంది. తప్పులు లేవని తెరపై కనబడగానే పని ముగిసిందని సంతోషించే అలవాటు విద్యార్థులలో సాధారణం. అది మానుకోదగినది.

కంపైలు చేయటంలో పాటించవలసిన క్రమం ఒకటి ఉంది. ఒక్క సెమికోలను మరచినందుకు ఇరవై తప్పులు వరుసగా కనబడవచ్చు. మొట్టమొదటి దానిని సరిదిద్ది మళ్ళీ కంపైలు చేస్తే తక్కినవి చాలావరకు తొలగిపోతాయి. హెచ్చరికలను కనబడకుండా చేసుకోవటం సులభమే గాని క్షేమం కాదు. 32 బిట్ల ప్రోగ్రాముకు 64 బిట్ల డేటాబేసు లైబ్రరీని జతచేస్తే, దోషం మన వ్రాతలో గాక జతకూర్పులో ఉంటుంది. అప్పుడు ప్రోగ్రామును అటూ ఇటూ మార్చటం వృథా ప్రయాస. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఏమి మార్చామో వ్రాసిపెట్టుకోవాలి.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కొటేషను గుర్తుల మధ్య వ్రాసే ఎస్.క్యూ.ఎల్. ఆదేశాలను కంపైలరు సాధారణంగా పరిశీలించదు. పట్టిక పేరులో ఒక అక్షరం తప్పినా అది మౌనం వహిస్తుంది. మనం ముందుగా నడిపి చూడకపోతే ఆ తప్పు బయటపడేది రుసుము చెల్లించే కిటికీ దగ్గర, వరుసలో జనం నిలబడి ఉన్నప్పుడు.

కాలం తెచ్చే మార్పులను కూడ కంపైలరు ఊహించలేదు. సంవత్సరాన్ని రెండంకెలతో వ్రాసిన పాత ప్రోగ్రాములు చక్కగా కంపైలై, దశాబ్దాల తరబడి నడిచాయి. 2000 సంవత్సరం సమీపించేసరికి వాటిని సరిదిద్దటానికి ప్రపంచమంతా శ్రమించవలసి వచ్చింది. ఆ పని మీద మన తెలుగు యువకులు ఎందరో అమెరికా వెళ్ళారు. మన ప్రాంతంలోనే మరొక నిదర్శనం ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినాయి. తిరుపతి చిత్తూరు జిల్లా నుండి విడివడి జిల్లా కేంద్రమైంది. నెల్లూరు జిల్లాలోని సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలో చేరింది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. జిల్లాల పేర్లను ప్రోగ్రాములోనే వ్రాసినవారు ఇటువంటప్పుడు ప్రోగ్రామును మార్చి మళ్ళీ కంపైలు చేసుకోవాలి. పట్టికలో ఉంచినవారికి కొన్ని వరుసలు మార్చితే సరిపోతుంది.

ఉర్దూ, తెలుగు రెండూ పలికే మన కళాశాలకు పేర్ల సమస్య మరింత సన్నిహితమైనది. రాయలసీమలో ఒకే పేరును కొందరు 'బాషా' అనీ, కొందరు 'భాషా' అనీ వ్రాస్తారు. మనకు ఇద్దరూ ఒక్కరే. డేటాబేసుకు వేర్వేరు మనుషులు. యూనికోడులో అరబ్బీ కాఫ్‌కు ఒక సంఖ్య, ఉర్దూ కాఫ్‌కు మరొక సంఖ్య ఉన్నాయి. పదమధ్యంలో రెండూ కంటికి ఒకటిగానే కనిపించినా, ఒకదానితో వెదికితే మరొకటి దొరకదు. తెలుగులో పొల్లును నిలుపుటకు చేర్చే కనబడని గుర్తు కూడ ఇదే చిక్కు తెస్తుంది. ఇక ఇంటిపేరు లేనిదే దరఖాస్తు ముందుకు సాగదని ప్రోగ్రాము పట్టుబడితే, ఇంటిపేరు వాడుకలో లేని ముస్లిం కుటుంబాల పిల్లలు ఏదో ఒకటి వ్రాయక తప్పదు. ఆ ఏదో ఒకటి ఆధార్‌తో సరిపోలక ఉపకారవేతనం నిలిచిపోతే, ఆ అపరాధం ఎవరిది?

కళాశాల కమిటీవారికి ఈ సందర్భంలో కొన్ని సూచనలు. విద్యార్థుల వివరాలకు సంబంధించిన ఏ ప్రోగ్రామునైనా ఉపయోగంలోకి తెచ్చే ముందు ఉర్దూ, తెలుగు పేర్లతో పరీక్షించాలి. వ్రాసినవారు గాక మరొకరు ఆ పరీక్ష జరపాలి. గుర్తింపుకు పేరును గాక ప్రవేశ సంఖ్యను ఆధారం చేసుకోవాలి. నమోదైన పేరును విద్యార్థికి చూపి, సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. డేటాబేసు ప్రతిని భద్రపరచటంతో ఊరుకోక, అప్పుడప్పుడు దానిని తిరిగి తెరచి చూడాలి.

ఈ పరీక్షల భారాన్ని మన కంప్యూటరు విద్యార్థులకే అప్పగిస్తే వారికి పాఠ్యగ్రంథాలలో దొరకని అనుభవం లభిస్తుంది. తమ తోటివారి పేరు తప్పుపోకుండా కాపాడటం కంటె మంచి అభ్యాసం వారికి మరొకటి ఉండబోదు.