ఎలక్ట్రిక్ గిటార్ కొంటున్నారా? రీసేల్ లెక్క ఇలా వేయండి

అప్‌డేట్లు ఆగితే ఫోన్ రేటు పడిపోతుంది. గిటార్‌కి ఆ గొడవ లేదు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ డిజైన్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. అందుకే నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే. 20,000కి కొత్తది కొని 13,000కి అమ్మారనుకోండి, 7,000 పోయినట్టే. అదే 13,000కి పాతది కొని 11,000కి అమ్మితే పోయేది 2,000.

అయితే మళ్లీ కొనేవాళ్లు ఉండాలి కదా! మా నూజివీడుకి మామిడి తోటలతో, వీణల తయారీతో పేరుంది గానీ, ఎలక్ట్రిక్ గిటార్ అమ్మాలంటే విజయవాడ వైపు చూడాల్సిందే. కాబట్టి పేరు తెలియని బ్రాండ్ ఎంత చవగ్గా వచ్చినా వద్దంటాను. స్క్వైర్, యమహా పసిఫికా లాంటివైతే అమ్మడం తేలిక.

కొనేముందు నెక్ వంగిందా, ఫ్రెట్లు అరిగాయా చూడండి. పికప్‌లు మారిస్తే పాతవి దాచండి. గీతలు పడతాయని గిటార్‌ని మాత్రం దాచకండి.