ఓటరు బద్ధకమా, జాబితా బద్ధకమా?

పోలింగ్ అయిన మర్నాడు హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట. చదువుకున్నవాళ్లకి ఓటంటే లెక్కలేదు, సెలవిస్తే రిసార్టుకి పోతారు, పల్లెటూళ్లను చూసి సిగ్గుపడాలి అని. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికల్లో మునుగోడులో 91 శాతం దాటి ఓట్లు పడ్డాయి, నగరంలో సగం మంది కూడా రాలేదు. ఈ తేడాను మనుషుల గుణంగా లెక్కగట్టి కాలనీలకు కాలనీలనే దోషులను చేస్తున్నాం. ఇది అన్యాయం.

ఆ ఎన్నికల్లో తెలంగాణ మొత్తంలో అతి తక్కువ పోలింగ్ ఐటీ కంపెనీలున్న శేరిలింగంపల్లిలో నమోదు కాలేదు. పాతబస్తీలోని యాకుత్‌పురాలో అయింది. అక్కడ 40 శాతం కూడా దాటలేదు. ఇరుకు గల్లీల్లో ఆటోలు నడుపుకునేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు రిసార్టులకి పోయారందామా? గెలుపెవరిదో ముందే తెలిసిపోయి ఇంట్లో కూర్చున్నారందామంటే, మజ్లిస్ అభ్యర్థి అక్కడ బయటపడింది 878 ఓట్ల తేడాతోనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ యాకుత్‌పురా ఆటోవాలాకీ చదువు వేరు, సంపాదన వేరు, మతం వేరు, ఓటు వేసే పార్టీ వేరు. పోలింగ్ శాతం మాత్రం ఇద్దరి దగ్గరా నేలచూపులే. అలాంటప్పుడు ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి కదా.

నాకది మా బూత్ బయట కనిపించింది. 2024 మే 13న లోక్‌సభ ఎన్నికల్లో ఓటేసి వస్తూ, వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఓటర్లకు చీటీలు రాసిస్తున్న ఒక పార్టీ కుర్రాడి దగ్గర ఆగాను. జాబితా పేజీలో పేర్ల పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాడు. ‘ఖా’ అంటే ఇల్లు ఖాళీ చేశారని, ‘ఊ’ అంటే ఊళ్లో ఓటుందని, ‘చ’ అంటే చనిపోయారని. ఆ పేజీలో గుర్తు లేని పేర్లు సగం కూడా లేవు. “వీళ్లని ఎక్కణ్నుంచి తెమ్మంటారు సార్?” అన్నాడు. ‘చ’ పడిన ఒక పేరు మా పక్కింటి పెద్దాయనది. ఆయన పోయి నాలుగేళ్లయింది. తీసెయ్యమని ఆయన కొడుకు రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. ఆ సాయంత్రం శాతం కట్టినప్పుడు ఆ పెద్దాయన కూడా ఓటెయ్యని బద్ధకస్తుల్లో ఒకడయ్యాడు.

అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలింగ్. ముందు రెండు మూడు రోజులూ విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర బారులు తీరిన కార్లు, బస్సుల్లో నిలబడి వెళ్లిన జనం మనకింకా గుర్తే. వాళ్లలో కూకట్‌పల్లివాళ్లున్నారు, మియాపూర్‌వాళ్లున్నారు, ఎల్బీనగర్‌వాళ్లున్నారు. రాత్రంతా ప్రయాణం చేసి, గుంటూరులోనో భీమవరంలోనో ఎండలో క్యూ కట్టి ఓటేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆసారి 81 శాతం దాటింది. ఇక్కడి జాబితాలో కూడా పేరు మిగిలిపోయిన మనిషి అక్కడ చైతన్యవంతుడు, ఇక్కడ బాధ్యత లేనివాడు. మనిషి ఒక్కడే!

ఇక రెండో అపోహ. కాలనీ పేరు చెబితే చాలు, ఓటెటో చెప్పేస్తామంటారు విశ్లేషకులు. సెటిలర్లు ఇటు, బస్తీలు అటు అని గీతలు గీస్తారు. ఎల్బీనగర్‌ని చూడండి. 2018లో కాంగ్రెస్ ఎమ్మెల్యేని గెలిపించింది. ఆయన టీఆర్ఎస్‌లోకి వెళ్లాక, 2020 డిసెంబర్ గ్రేటర్ ఎన్నికల్లో అక్కడి డివిజన్లను బీజేపీ ఊడ్చేసింది. 2023లో మళ్లీ ఆయన్నే, ఈసారి బీఆర్ఎస్‌గా పేరు మారిన అదే టీఆర్ఎస్ టికెట్ మీద గెలిపించింది. అప్పుడు మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లూ బీఆర్ఎస్‌వే. ఆరు నెలలకే అదే మల్కాజిగిరిలో బీజేపీ 3.9 లక్షల మెజారిటీతో గెలిచింది. ఇళ్లు అవే, మనుషులూ వాళ్లే. ఎవరికి ఏ పదవి ఇవ్వాలో వేరువేరుగా ఆలోచించుకునే ఓటర్లను ‘ఓటు బ్యాంకు’ అనడం వాళ్ల తెలివిని అవమానించడమే. యాకుత్‌పురా లాంటి చోట ఒకే పార్టీ పాతుకుపోయి ఉండొచ్చు, కాదనను. అక్కడ కూడా 878 అంకె మరో కథ చెబుతోంది.

సెలవు దొరికిందని ఊళ్లు తిరిగేవాళ్లు లేరని నేననడం లేదు. ఉన్నారు, వాళ్లది తప్పే. కానీ ఎంతమందో తేల్చాలంటే ముందు జాబితా నిజం కావాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదంటోంది, మామూలుగా ఎక్కడ నివాసముంటే అక్కడే నమోదు కావాలంటోంది. అద్దె పెరిగినప్పుడల్లా ఇల్లు మారే నగరంలో ఈ నియమం నిలబడాలంటే ఏడాది పొడవునా గుమ్మం గుమ్మం తిరిగే మనిషి ఉండాలి. మనం ఎన్నికల ముందు హడావిడిగా ఒక బూత్ లెవల్ అధికారిని పంపుతాం. ఆయనకి టీచరు ఉద్యోగమో అంగన్‌వాడీ పనో ఎలాగూ ఉండనే ఉంటుంది. తాళం కనిపిస్తే వెనక్కి తిరుగుతారు. ఇల్లు మారినవాళ్లు ఫారం 8 నింపాలన్న సంగతి అద్దెకుండేవాళ్లలో ఎందరికి తెలుసు?

సెలబ్రిటీలతో ఓటెయ్యమని వీడియోలు తీయించే డబ్బుని ఈ పనికి మళ్లించండి. ఇల్లు మారినవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు, రెండు చోట్ల ఉన్నవాళ్ల పేర్లు వాళ్లకో వాళ్ల ఇంటివాళ్లకో నోటీసిచ్చి, వాళ్ల మాట విని, ఆ తర్వాతే తీయండి. బతికున్నవాడి పేరు పోతే అది ఇంతకన్నా పెద్ద నేరం. ఏ డివిజన్‌లో ఎన్ని పేర్లు తీశారో, ఎన్ని కలిపారో బూత్ గోడకి అంటించండి. అప్పుడు కూడా యాకుత్‌పురా, శేరిలింగంపల్లి ఈ శాతాల దగ్గరే ఆగిపోతే, ఎందుకు రాలేదని మా గుమ్మం ముందు నిలబడి అడగండి.