గ్యాస్ పట్నానికి, బూడిద మనకా?

కోతలు అయిపోగానే నిజాంసాగర్ ఆయకట్టు మీద పొగ కమ్ముకుంటున్నది. హార్వెస్టర్ వదిలేసిన గడ్డిని కట్టలు కట్టించాలంటే ఖర్చు, వదిలేస్తే తర్వాతి నాటుకు అడ్డం. రైతుకు నిప్పు పెట్టక తప్పడం లేదు.

ఇప్పుడు ఈ గడ్డికే గిరాకీ రాబోతున్నది. గడ్డి, పెండ, చెరకు మడ్డిని గాలి చొరబడని ట్యాంకుల్లో మురగబెట్టి తీసే గ్యాస్‌ను ప్రోత్సహించడానికి కేంద్రం 2018లో సతత్ పథకం తెచ్చింది. వాహనాల సీఎన్‌జీలో, ఇళ్లకు పైపుల్లో పోయే గ్యాస్‌లో దీన్ని 2025-26లో 1 శాతం, 2028-29 నుంచి 5 శాతం కలపాలని నిర్ణయించింది. డెన్మార్క్‌లో ఇళ్లకు పోయే పైపుల గ్యాస్‌లో ఇప్పటికే మూడో వంతుకు పైగా ఇలాంటిదే. భూమిలోంచి తోడిన గ్యాస్ మండితే గాలిలో కొత్త కాలుష్యం చేరుతుంది. గడ్డి గ్యాస్‌తో చేరేది ఆ పైరు గాలి నుంచి తీసుకున్నదే. కాబట్టి దీన్ని మనం వ్యతిరేకించడం లేదు. లాభం ఎవరికన్నదే మన ప్రశ్న.

కొనేవాడు ఒక్కడే ఉంటే ఏమవుతుందో ఈ ఆయకట్టుకు ఎవరూ చెప్పనక్కర లేదు. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరకు రైతు దిక్కులు చూడాల్సి వచ్చింది.

గ్యాస్ ముందుగా ఊరి అవసరం తీర్చాలి. 50 కిలోల పెండతో రోజుకు సుమారు 2 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. పదహారు, పదిహేడు రోజులు పోగైతే ఒక వంట సిలిండర్‌తో సమానం. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో కుళ్లిన కూరగాయల నుంచి తీసిన గ్యాస్‌తో క్యాంటీన్ వంట నడిచింది. మరి మన గురుకులాల్లో అన్నం వండడానికి, చలికాలం పిల్లల స్నానాలకు నీళ్లు కాగబెట్టడానికి ఎందుకు పనికిరాదు?

ఇంకో మాట. గ్యాస్ పోయాక మిగిలే మడ్డిలోనే నత్రజని, భాస్వరం, పొటాష్ ఉంటాయి. అది పొలానికి తిరిగి రాకపోతే మన భూమి సారం కంపెనీకి ఊరికే ఇచ్చినట్లే.

అందుకే మన సంఘం డిమాండ్ చేస్తున్నది:

1. పశువుల మేతకు పోగా మిగిలిన గడ్డినే కొనాలి. కట్టల ఖర్చు, రవాణా కలిపి టన్ను ధర ముందే ప్రకటించాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి.
2. గడ్డి, పెండ ఇచ్చిన రైతుకు మడ్డి ఎరువు ఉచితంగా ఇవ్వాలి.
3. ప్లాంట్లలో సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు వాటా ఇవ్వాలి.
4. మండలంలోని హాస్టళ్లు, అంగన్‌వాడీలు, ఆసుపత్రులకు ఇచ్చాకనే గ్యాస్ బయటికి పోవాలి.

కంపెనీ ఏజెంటు కాగితం పట్టుకొని వచ్చేదాకా ఆగొద్దు. వచ్చే గ్రామసభలోనే ఈ నాలుగు అంశాల మీద తీర్మానం చేయించండి. ఒక్కొక్కరుగా సంతకం పెడితే వాళ్లు చెప్పిందే ధర. ఊరంతా కలిసి కూర్చుంటే మనం అడిగిందే ధర.