అడుగున చిల్లున్న ఓడ

మోర్మన్ గ్రంథంలోని ఈథర్ భాగాన్ని పూడిమడక మత్స్యకారులకు చదివి వినిపిస్తే మొదటి ప్రశ్న దేవుడి మీద రాదు, ఓడ మీద వస్తుంది. బాబెలు గోపురం నాటి జేరెడ్ వంశీకులు దైవాజ్ఞతో ఎనిమిది ఓడలు కట్టారట. చుక్క నీరు చొరకుండా అన్ని వైపులా బిగించారు. గాలికి పైన ఒక చిల్లు, అడుగున ఇంకొకటి. వెలుతురుకు దేవుడు వేలితో తాకిన పదహారు రాళ్లు. మనుషులతో పాటు మందలు, పక్షులు. అలా 344 రోజులు సముద్రంలోనే. వేట నిషేధం 61 రోజులు పోను మన తీరంలో మరబోటుకు ఏడాదిలో మిగిలేవి 304 రోజులే! అడుగున చిల్లెందుకని తెప్పల మీద పెరిగినవాళ్లు అడిగితే దాన్ని దైవదూషణ అనలేం.

ఈ గ్రంథం మనకు అంత దూరపుదేమీ కాదు. సమోవాలో పనిచేస్తూ మోర్మన్ల కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరిన కీటక శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ ధర్మరాజు, భార్య ఎల్సీతో 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి 22 మంది బంధువులకు బాప్తిస్మం ఇచ్చారు. గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీ తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసం. ఆయన బాప్టిస్టు పాస్టరు కావడం ఈ కథలో అసలు చమత్కారం. 2012లో హైదరాబాద్‌లో స్టేక్ (కొన్ని స్థానిక శాఖల సమూహం) ఏర్పడింది. విశాఖలోనూ సంఘ శాఖలున్నాయి. దేశం మొత్తం మీద సభ్యులు పదిహేను వేల చిల్లర.

ఇంత చిన్న మంద గ్రంథాన్ని చూసి నవ్వడం సులువు. మార్క్ ట్వేన్ 1872లోనే ఆ పని చేశాడు. సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఈ పుస్తకాన్ని సొంతంగా రాసి ఉంటే, రాస్తున్నంత సేపూ నిద్రపోకుండా ఉండటమే మహిమ అన్నాడు. బాగా పేలిన జోకే. కానీ బయటివాడి జోకు చదివిన మోర్మనుకు తన మతం గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు.

తెలియజెప్పింది ఇంటి మనిషి ఫాన్ బ్రోడీ. ఆమె మోర్మన్ కుటుంబంలో పుట్టింది. తర్వాత సంఘాధ్యక్షుడైన డేవిడ్ మెక్కే ఆమెకు స్వయానా పెదనాన్న. పాత కాగితాలన్నీ తవ్వి 1945లో స్మిత్ జీవితచరిత్ర రాసింది. మరుసటి ఏడాదే సంఘం ఆమెను వెలివేసింది. మనకిది కొత్త కథ కాదు. త్రిపురనేని రామస్వామి 1920లో ‘శంబుక వధ’ రాసినా, నార్ల వెంకటేశ్వరరావు 1979లో ‘సీత జోస్యం’ రాసినా, ఇంట్లో వినబడే పురాణాన్నే నిలదీశారు. వాళ్ల వెటకారానికి పదును ఆ పురాణాలను చదివిన చదువు వల్ల వచ్చింది.

విమర్శకు భయపడితే ఏమవుతుందో స్మిత్ జీవితమే చెబుతుంది. ఇల్లినాయిలోని నావూలో ఆయనతో తెగతెంపులు చేసుకున్నవాళ్లు 1844 జూన్ 7న ‘నావూ ఎక్స్‌పోజిటర్’ అనే పత్రిక తెచ్చి, ఆయన గుట్టుగా సాగిస్తున్న బహుభార్యాత్వాన్ని బయటపెట్టారు. మేయరూ ఆయనే, ప్రవక్తా ఆయనే. మూడు రోజుల్లో నగర పాలక మండలి తీర్మానంతో ప్రెస్సు ధ్వంసమైంది. ఆ పత్రికకు మొదటి సంచికే చివరిది. ఆ గొడవ దరిమిలా కార్తేజ్ జైలుకెళ్లిన స్మిత్‌ను జూన్ 27న అల్లరిమూక కాల్చి చంపింది. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు. ప్రెస్సు పగలగొట్టడాన్నీ అంతే.

నూట డెబ్బై ఏళ్ల తర్వాత సంఘమే నోరు విప్పింది. స్మిత్‌కు ముప్పై నుంచి నలభై మంది దాకా భార్యలుండవచ్చని 2014లో తన వ్యాసంలోనే ఒప్పుకుంది. ఆయన టోపీలో పెట్టి చూస్తూ గ్రంథాన్ని చెప్పాడంటున్న రాయి ఫోటోను 2015లో అచ్చు వేసింది. అన్నిటికన్నా ఇబ్బందికరమైనది స్మిత్ అనువదించానన్న అబ్రాహాము గ్రంథం. దానికి మూలమంటూ 1835లో మమ్మీలతో పాటు కొన్న పపైరస్ చుట్టల ముక్కలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడి 1967లో సంఘం చేతికొచ్చాయి. ఈజిప్టు పండితులు చదివితే అవి చనిపోయినవారి కోసం రాసిన అంత్యక్రియల పాఠాలు. అబ్రాహాము ఊసే లేదు. మిగిలిన ముక్కలకూ గ్రంథానికీ పొంతన లేదని సంఘమూ అంగీకరించింది. అయినా ఆ గ్రంథం నేటికీ పవిత్రమే. నవ్వు రావలసింది ఇక్కడ.

నవ్వును తట్టుకోవడంలో మాత్రం ఆ సంఘానికి మార్కులు వెయ్యాలి. 2011లో బ్రాడ్‌వేలో ‘ది బుక్ ఆఫ్ మోర్మన్’ అనే బూతు హాస్యపు సంగీత నాటకం వచ్చి తొమ్మిది టోనీ అవార్డులు గెలిచింది. సంఘం కోర్టుకెక్కలేదు. నాటకం చూశారు కదా, ఇక పుస్తకం చదవండి అన్న ధోరణిలో, ప్రేక్షకులకిచ్చే ప్రోగ్రాం పుస్తకంలోనే డబ్బిచ్చి ప్రకటనలు వేయించింది. అదే నాటకం మన దగ్గర ఏ దేవుడి మీద ఆడినా భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద ఫిర్యాదు రాసేవాడు విరామం దాకా కూడా ఆగడు. దురుద్దేశంతో మత భావాలను గాయపరిస్తే మూడేళ్ల దాకా జైలు అంటుంది ఆ సెక్షన్. ఆ దురుద్దేశం తేలేలోగా రాసినవాడు కోర్టు మెట్లెక్కుతూనే ఉంటాడు.

శ్రీనివాసం పుణ్యమా అని మోర్మన్ గ్రంథం తెలుగు పాఠకుడి చేతికి అందింది. దాని పక్కనే పెట్టుకుని చదవడానికి ఫాన్ బ్రోడీ పుస్తకాన్ని తెలుగులో తెచ్చే పని ఏ ప్రచురణ సంస్థైనా తలకెత్తుకోవాలి.