ఆగిన రైలును తోసే ముందు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సీడర్ పాయింట్ అనే పార్కు ఉంది. రోలర్ కోస్టర్ల పిచ్చి ఉన్నవాళ్లకు అదో పుణ్యక్షేత్రం. 2024 మే 4న అక్కడ టాప్ థ్రిల్ 2 మొదలైంది. 420 అడుగుల టవర్, గంటకు 193 కిలోమీటర్ల వేగం. అదే చోట 2003 నుంచి నడిచిన పాత కోస్టర్‌లోని హైడ్రాలిక్ వ్యవస్థను పీకేసి, రైలును విద్యుదయస్కాంత మోటార్లతో తోసేలా మళ్లీ కట్టారు. ఇంత హంగామా చేసి తెరిస్తే వారం తిరిగిందో లేదో ఆపేశారు. బోగీల్లో మార్పులు చేయాలని తయారీ కంపెనీ చెప్పింది. ఇక ఆ సీజనంతా జనాన్ని ఎక్కించుకోనే లేదు. జనం మళ్లీ ఎక్కింది 2025 మేలో.

టికెట్లు కొనుక్కుని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లకు కోపం రాదా మరి? వచ్చింది. ఇంత పెద్ద కంపెనీకి ఆ మాత్రం ముందే తెలియదా అని మీరూ అనుకోవచ్చు. నేను మాత్రం ఆ ఏడాది మూతను ఇంజినీరింగ్ పరువు నిలబెట్టిన పనిగానే చూస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఇంగ్లండ్ వెళ్లాలి.

అక్కడ ఆల్టన్ టవర్స్ అనే పార్కులో ది స్మైలర్ అనే కోస్టర్ ఉంది. మనిషిని 14 సార్లు తలకిందులు చేస్తుంది, అది ప్రపంచ రికార్డు. 2013 మే 23న తెరుస్తామని చెప్పారు. సాంకేతిక సమస్యలొచ్చి వాయిదా వేశారు. చివరికి మే 31న తెరిచారు. ఇలాంటి ఆలస్యాలు ఈ రంగంలో మామూలే. కొత్త కోస్టర్ కాగితం మీద లెక్క వేసినట్టు నడవదు. కొత్త చక్రాలు, కొత్త బేరింగులు బిగుతుగా ఉంటాయి. చలికి గ్రీజు చిక్కబడితే రైలు నెమ్మదిస్తుంది. ఎదురుగాలి వీచినా అంతే. మోటారుతో నడిచే కారులా కాదు కదా, ఒకసారి కొండ దిగాక ఉన్న ఊపుతోనే మిగతా దూరమంతా వెళ్లాలి. ఊపు చాలకపోతే రెండు ఎత్తుల మధ్య పల్లంలో ఇరుక్కుపోతుంది. అందుకే మనుషుల బదులు నీళ్లు నింపిన బొమ్మల్నో, ఇసుక బస్తాల్నో కూర్చోబెట్టి రోజుల తరబడి తిప్పి చూస్తారు.

ట్రాక్ మీద ఒకటి కంటే ఎక్కువ రైళ్లు ఉంటే ఇంకో సమస్య. ఇరుక్కున్న దాన్ని వెనక వచ్చేది గుద్దకూడదు. దీనికి వాడేది మన రైల్వే పద్ధతే. ట్రాక్‌ను బ్లాకులుగా విడగొడతారు. ఒక బ్లాకులో ఒక్క రైలే ఉండాలి. ముందున్నది బ్లాకు దాటిందని సెన్సర్ చెప్పేదాకా వెనకదాన్ని పీఎల్‌సీ వదలదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్తుంటే స్టేషన్ బయట ఎర్ర సిగ్నల్ దగ్గర రైలు ఆగిపోయి, మనం కిటికీలోంచి తల బయటపెట్టి విసుక్కుంటామే, ఆ లాజిక్కే ఇదీ.

ఇప్పుడు 2015 జూన్ 2కు వద్దాం. ఆ రోజు గాలి బలంగా వీస్తోంది. స్మైలర్ మొరాయిస్తే ఇంజినీర్లు వచ్చి చూసి, పరీక్ష కోసం ఒక ఖాళీ రైలును వదిలారు. అది మలుపు ఎక్కలేక మధ్యలో నిలిచిపోయింది. వెనక 16 మందితో వస్తున్న రైలును కంట్రోల్ సిస్టమ్ ఆపేసింది. అంటే చేయాల్సిన పని సరిగ్గా చేసింది. కానీ ట్రాక్ మీదికి అదనంగా ఇంకో రైలు వచ్చిందన్న సంగతి ఇంజినీర్లకు తెలియదు. వాళ్ల లెక్క ప్రకారం ముందు ఏమీ లేదు. సిస్టమే తప్పుగా ఆపిందనుకున్నారు. బ్లాక్ రీసెట్ చేసి రైలును వదిలేశారు.

అది వెళ్లి ఖాళీ రైలును గుద్దింది. ఇద్దరు యువతులు చెరో కాలు పోగొట్టుకున్నారు. దాదాపు మీ వయసు వాళ్లే. గాయపడినవాళ్లు గాల్లో ఏటవాలుగా వేలాడుతూ గంటల తరబడి సాయం కోసం ఎదురుచూశారు.

కేసు స్టాఫర్డ్ క్రౌన్ కోర్టుకు వెళ్లింది. పార్కును నడిపే మెర్లిన్ సంస్థ నేరం ఒప్పుకుంది. 2016 సెప్టెంబరులో 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ట్రాక్‌లో గానీ బోగీలో గానీ కంట్రోల్ సిస్టమ్‌లో గానీ లోపం లేదని విచారణలో తేలింది. రీసెట్ నొక్కిన ఒకరిద్దరి మీదకు నెట్టేసి చేతులు దులుపుకోనూ లేదు. సిస్టమ్ ఆపినప్పుడు ఎవరు ఏం చూడాలి, ఎవర్ని అడగాలి, ఎవరు ఓకే చెప్పాలి అన్న పద్ధతి సంస్థలోనే లేదన్నది తేలింది. రైళ్లు ఎన్నున్నాయో కళ్లతో చూసి లెక్కపెట్టే ఒక్క నిబంధన ఉంటే ఆ మధ్యాహ్నం వేరేలా గడిచేది.

నేనేమీ గొప్పోణ్ణి కాదు. మొదటి ఉద్యోగంలో ఒక ప్యాకింగ్ లైను దగ్గర ట్రైనీగా ఉండేవాణ్ణి. డబ్బాలు పేరుకుంటే బెల్టును ఆపే సెన్సర్ ఒకటి ఊరికే ట్రిప్ అవుతోంది. రాత్రి షిఫ్టు, తెల్లారేసరికి లోడు వెళ్లాలి. సీనియర్ ఒకాయన, "దానికో జంపర్ వేసెయ్ తమ్ముడూ, రేపు చూద్దాం" అన్నాడు. వేశాను. చిన్న వైరు ముక్క, రెండు నిమిషాల పని. నలభై నిమిషాలకు డబ్బాలు ఇరుక్కుని, బెల్టు చిరిగి, గార్డు ఊడి నేల మీద పడింది. అంతకు క్షణం ముందు అక్కడ ఒక హెల్పర్ నిలబడి ఉన్నాడు. టీ తాగడానికి పక్కకెళ్లాడు, అంతే. సెన్సర్ ఊరికే ట్రిప్ అవడం లేదని తర్వాత తెలిసింది. కింద రోలర్ ఒకటి పట్టేస్తోంది. అది చెబుతున్నది నిజమే. మేమే వినలేదు.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకంటారా? రేపు మీరు చేరబోయే చోట ఇదే పరిస్థితి మీ ముందుకొస్తుంది కాబట్టి. కోస్టరే కానక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ రిలీజు ముందు ఫెయిలైన టెస్ట్ కేసును కామెంట్‌లో పెట్టేయమంటారు. సబ్‌స్టేషన్‌లో రిలే సెట్టింగ్ పెంచేయమంటారు. మీరేమో ప్రొబేషన్‌లో ఉంటారు. ఇంటి దగ్గర ఎడ్యుకేషన్ లోన్ ఉంటుంది. ఎదురు చెప్పడం కష్టమే, నేను చెప్పలేకపోయాను. అయితే ఒకటి చేయొచ్చు. "చేస్తాను సార్, ఎందుకు బైపాస్ చేస్తున్నామో ఒక మెయిల్ పెట్టండి" అని మర్యాదగా అడగొచ్చు. సగం బైపాస్‌లు అక్కడే ఆగిపోతాయి. కాగితం మీద తన పేరు పడుతుందంటే ఎవరైనా ఒక్కసారి ఆగి ఆలోచిస్తారు.

ప్రతి ఆలస్యమూ గొప్పదేం కాదులెండి. బద్ధకంతో డెడ్‌లైన్ దాటించి సేఫ్టీ పేరు చెప్పేవాళ్లూ ఉంటారు. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చూస్తే మళ్లీ నడపొచ్చు అన్న మూడింటికీ జవాబు ఉందా లేదా అన్నదే తేడా.

మన కాలేజీలు దీన్ని నేర్పడం లేదన్నదే నా ఫిర్యాదు. అమీర్‌పేటలో కొన్న ఫైనలియర్ ప్రాజెక్టు వైవా రోజు ఐదు నిమిషాలు నడిస్తే మార్కులు పడిపోతాయి. ఆరో నిమిషంలో ఎందుకు ఆగిందో రాసినవాడికి మార్కులు తగ్గుతాయి. కంపెనీల్లో కమిషనింగ్, టెస్టింగ్ పనులకు ఆ రెండోవాడే కావాలి. మెకానికల్, ట్రిపుల్‌ఈ, ఈసీఈ వాళ్లు పీఎల్‌సీ కోర్సు ఎలాగూ చేస్తుంటారు. దాంతోపాటు ఫంక్షనల్ సేఫ్టీ మీద కాస్త చదవండి. ఐఎస్ఓ 13849, ఐఈసీ 61508 అనే ప్రమాణాలు ఏం చెబుతాయో పైపైన తెలిసినా చాలు, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ దగ్గర విషయం ఉంటుంది. రోబో సెల్స్‌లోనూ రసాయన పరిశ్రమల్లోనూ ఈ భాషే నడుస్తుంది.

స్మైలర్ కేసులో జడ్జి శిక్ష ఖరారు చేస్తూ చెప్పిన మాటలు బ్రిటన్ న్యాయవ్యవస్థ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద డాక్యుమెంట్ కూడా కాదు. ఈ ఆదివారం ఆప్టిట్యూడ్ పేపరు పక్కనపెట్టి ఇద్దరు ఫ్రెండ్స్‌తో కూర్చుని చదవండి. చదువుతూ ఒక కాగితం మీద ట్రాక్ గీసి, ఏ నిమిషంలో ఏ రైలు ఎక్కడుందో గుర్తు పెట్టండి. రీసెట్ నొక్కే ముందు ఎన్నిచోట్ల ఎవరైనా అడిగి ఉండొచ్చో లెక్కేయండి.