ఆటస్థలం: కాలు ఎప్పుడు కదలాలి?

సంక్రాంతి సెలవుల్లో మా సోలాపూర్ మగ్గాలవాడలో సాఫ్ట్‌బాల్ ఆట పెద్ద తగువైంది. స్లో పిచ్ ఆట, అంపైరును నేను. అన్నయ్య కూతురు బంతి బౌలర్ చేయి వదలగానే రెండో బేస్‌కు పరుగెత్తింది. ఔటన్నాను. "కాకా, బడిలో ఇలాగే నేర్పారు!" అంది. రెండు రోజులు నాతో మాటల్లేవు.

దానిదీ తప్పు కాదండీ. ఫాస్ట్ పిచ్‌లో అంతే. స్లో పిచ్‌లో బంతి విల్లులా వంగి తాపీగా వస్తుంది. ఆ వెసులుబాటిస్తే బేస్ దొంగతనం మరీ సులువు. అందుకే బంతి ప్లేటు చేరేదాకా, లేదా బ్యాటుకు తగిలేదాకా కాలు కదపరాదు. కదిపితే బంతి డెడ్, ఆ పిచ్ లెక్కలోకి రాదు, రన్నర్ ఔట్. బ్యాటుకు తగలకపోతే పాత పద్ధతిలో దొంగ పరుగే లేదు. కొన్ని పోటీల్లో ఇప్పుడు ఒప్పుకుంటారు.

క్రికెట్‌లో తీరు వేరు. బౌలర్ పరుగు మొదలెడితే బంతి బతికినట్టే. 1947లో సిడ్నీలో వినూ మన్కడ్ బిల్ బ్రౌన్‌ను అలాగే ఔట్ చేశాడు. (మన ఊళ్లో పుట్టిన పాలీ ఉమ్రీగర్ టెస్టుల్లోకి వచ్చింది ఆ మరుసటి ఏడే.) 2022లో ఆ నియమాన్ని అనుచిత ఆట కిందనుంచి తీసి మామూలు రనౌట్‌లో చేర్చారు.

ఏ పద్ధతో ఆటకు ముందు చెప్పకపోవడం నా పొరపాటే. ఒప్పుకున్నాను. ఇప్పుడు షెడ్డు గోడమీద సుద్దముక్కతో నియమాలు రాసిపెట్టింది, నా సంతకంతో సహా.