ముందు పెద్దల నోరు కడగండి

చర్ల రోడ్డు మీద ఒక పల్లె చర్చి. పదేళ్ల పిల్లాడు యాకోబు పత్రిక మూడో అధ్యాయాన్ని, నాలుక గురించి చెప్పే ఆ అధ్యాయం మొత్తాన్ని, తడుముకోకుండా అప్పజెప్పాడు. అంతా చప్పట్లు కొట్టారు. స్టీలు టిఫిన్ బాక్సు బహుమతి. బయట చెప్పుల దగ్గర ఇంకో పిల్లాడు చూసుకోక వాడి కాలు తొక్కాడు. "కళ్లు కనపడవారా, కోయోడా!" అని అరిచాడు వాడు. పక్కనే ఉన్న పెద్దల్లో ఒక్కరూ తప్పనలేదు. ఇద్దరు నవ్వారు కూడా.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లాణ్ణి ఏమంటాం? ఆ మాట వాడికి మిరపతోట గట్టు మీద వచ్చింది. ఛత్తీస్‌గఢ్ నుంచి కాయలు ఏరడానికి వచ్చే గొత్తికోయ గిరిజనులను పేరైనా అడక్కుండా "ఏయ్ జంగిలీ" అని కేకేసే రైతు, ఆదివారం ముందు బెంచీలో కూర్చుంటాడు. ఘాటుకు వేళ్లు మండుతున్న ఆడమనిషి మంచినీళ్లు అడిగితే కసురుకుంటాడు. పిల్లలు అన్నీ చూస్తూనే ఉంటారు. సండే స్కూలు వారానికి ఒక్క గంట, ఈ చదువు మాత్రం పొద్దస్తమానం.

కొండమీద ప్రసంగంలో యేసు నరహత్య గురించి మాట్లాడుతూ, తోటివాణ్ణి నోటితో హీనపరచడాన్ని అదే వరుసలో చేర్చాడు. మనం దాన్ని పాపాల లెక్కలోంచే తీసేశాం. సినిమాల మీద, సారా మీద గంటలకొద్దీ ప్రసంగాలు విన్నాం. జాతి పేరు పెట్టి తిట్టడం మీద ఎన్ని విన్నాం?

ఈ గోదావరి ఒడ్డున, దుమ్ముగూడెంలో, 1860లోనే చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది. తర్వాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల భాషనూ ఆచారాలనూ ఓపిగ్గా రాసిపెట్టాడు. సముద్రాలు దాటి వచ్చినవాడు వాళ్ల మాట వినడానికి కూర్చున్నాడు. పక్క గుంపులో బతికే మనం వాళ్ల జాతి పేరునే తిట్టు చేసి పిల్లల నోట పెట్టాం.

మన పిల్లల్ని కూడా ఇలాగే ఎందుకు తిడతారని గట్టిగా అడిగితే, "భయం లేకపోతే పిల్లలు చెడిపోతారు" అని సామెతల గ్రంథంలోని బెత్తాన్ని చూపిస్తారు. పిల్లల మనసు విరిగిపోయేలా రెచ్చగొట్టవద్దని కొలస్సయులకు రాస్తూ పౌలు తండ్రులను హెచ్చరించిన సంగతి మాత్రం ఎత్తరు. విద్యాహక్కు చట్టం 2009లోనే, 17వ సెక్షన్‌లో, బడిపిల్లల్ని కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "దున్నపోతా, మొద్దు వెధవా" అంటూ వాక్యం నేర్పే టీచర్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. ఇది సిగ్గుచేటు.

పాస్టరుగార్లూ, ఈ వేసవి వెకేషన్ బైబిల్ స్కూల్ (వి.బి.ఎస్.)లో మొదటి పూట పిల్లల్ని ఆటలకు వదిలి పెద్దల్ని కూర్చోబెట్టండి. కూలీని జాతి పేరుతో తిట్టేవాడికి సంఘంలో పెద్దరికం ఇవ్వకండి. తిట్టినవాడి చేత క్షమాపణ చెప్పించండి. చర్చిలో కాదు, ఆ మిరపతోటలోనే, తన పిల్లలు చూస్తుండగా చెప్పించండి.